అప్‌డేట్: రిటైరయ్యాక ఉండే ఇంటికి గ్యారేజీ ప్లాన్ ఖాయమైంది

రిటైరయ్యాక ఉండబోయే ఇంటికి గ్యారేజీ, స్టోర్ రూమ్ ఎంత ఉంటే సరిపోతాయని అడిగాను కదా. చివరికి ఒక్క కారుకే గ్యారేజీ, కానీ వెడల్పు 14 అడుగులు. కారు ఆరడుగులే అయినా, తలుపు బార్లా తెరిచి పక్కన వీల్‌చైర్ నిలపాలంటే ఇంకో 5 అడుగులు ఖాళీ ఉండాల్సిందే. మీరు చెప్పినట్టే నేలమీద సుద్దతో గీసి, కారు నిలిపి చూశాం. మా ఆయన డిక్కీ ఎత్తి సామాను దించబోతే వెనక ఇరుకైంది. అందుకని పొడవు 24 అడుగులకు పెంచాం.

అటక వద్దనుకున్నాం. ఈ వయసులో నిచ్చెనలెక్కడం నాకు అస్సలు ఇష్టం లేదు. వెనక గోడకి భుజమెత్తు దాటకుండా అరలు కట్టిస్తున్నాం, బరువైనవి నడుమెత్తులో. లోపలికి మెట్టు బదులు ర్యాంపు: అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు. పుస్తకాలు మాత్రం గ్యారేజీలో చెమ్మ పడతాయి, లోపలి గదిలోనే.