నర్సరీ మేళాలకు వెళ్లి ఏం బావుకున్నాం?

పొట్టిలంక కుర్రాడు:
హైదరాబాదులో నర్సరీ మేళా ముగించుకుని మొన్ననే మా కడియం నర్సరీ లారీ దిగింది. పట్టుకెళ్లిన మొక్కల్లో మూడో వంతు అలాగే తిరిగొచ్చాయి, సగం ఆకు రాల్చుకుని. స్టాలు అద్దె, లారీ కిరాయి, ముగ్గురు మనుషుల బత్తా, ఐదు రోజుల తిండి కలిపి లక్షా నలభై వేలు. అమ్మకం లక్షా పది. "హైవే మీద మనకి ఏడాది పొడుగునా మేళాయేగా, ఇంకోటెందుకురా" అని మా నాన్న ఒకటే సాధింపు. ఈ మేళాల వల్ల నిజంగా లాభపడ్డవాళ్లు ఉంటే చెప్పండి.

దుళ్ల పెద్దాయన:
బాబూ, మేళాలో అమ్మకం లెక్క వేస్తే ఎవరికైనా నష్టమే. నేను పదేళ్ల కిందట బెంగళూరులో స్టాలు పెట్టి పట్టుమని వంద మొక్కలు అమ్మలేదు. కానీ పక్క స్టాలు తమిళాయన మొక్క కవరు ఎత్తి చూస్తే దూది మూటలా ఉంది. ఏంటంటే కొబ్బరి పొట్టు! కోనసీమ పొట్టు మన పక్కనే గుట్టలు పడి ఉంటే, మనం ఎర్రమట్టి మోసుకుని లారీకి బరువు కిరాయి కడుతున్నాం. పొట్టుని కడిగి ఉప్పు వదిలించాకే వాడాలని కూడా ఆయనే చెప్పాడు. ఇంటికొచ్చి కడక్కుండా వాడిన మా తమ్ముడు రెండు మళ్లు మాడ్చుకున్నాడు, అది వేరే కథ. ఆ ఒక్క ముక్కకే నా స్టాలు డబ్బులు ఎప్పుడో వచ్చేశాయి.

మిద్దెతోట రాతలు (రాజమండ్రి):
నేను మొక్కల మీద రాస్తుంటానండి. నాలాంటివాళ్లకి మేళా అంటే పది ఊళ్లు తిరిగే పని ఒక్కరోజులో తెమలడం. అయితే ఒక తప్పు ఒప్పుకోవాలి. ఓ ప్రదర్శనలో లావెండర్ విరగబూసి ఉంటే మురిసిపోయి రాశాను. చదివి కొన్నవాళ్లు మే నెలకల్లా ఎండుపుల్లల ఫొటోలు పంపారు. చల్లటి, పొడి గాలి కావాల్సిన మొక్కని మన ఉక్కలో పెట్టమని చెప్పింది నేనే కదా. స్టాల్లో మొక్క పెళ్లికూతురిలా ఉంటుంది. కాపురం ఎలా చేస్తుందో అక్కడ తెలీదు.

అంబాజీపేట కొబ్బరి:
అమ్మకాలూ రాతలూ తర్వాత. ఆ తిరిగొచ్చిన మొక్కలు ఎక్కడ దించావు తమ్ముడూ? కొబ్బరి ఆకుల రసం పీల్చే సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడులో పొల్లాచ్చి వైపు కనపడింది, ఆ ఏడాది చివరికే మన కడియం నర్సరీల్లో తేలింది. అక్కణ్ణించి మా కొబ్బరి ఆకులన్నీ మసి పట్టి నల్లబడ్డాయి. దాని పిల్ల పురుగులు ఆకు అడుగున అంటుకుని మొక్కతోపాటే ఊళ్లు దాటతాయి. ఇక్కడి పరిశోధన స్థానం వాళ్లు ఆ దోమని చంపే ఇసారియా శిలీంద్రం తయారుచేసి ఇస్తే కొట్టుకున్నాం. నాలుగు రాష్ట్రాల మొక్కలు ఐదు రోజులు ఒకే పందిరి కింద ఉండి, మళ్లీ ఎవరి ఊరికి వాళ్లు పోతే దాన్ని మేళా అంటారా, అంటువ్యాధి అంటారా?

పొట్టిలంక కుర్రాడు:
అన్నా, మిగతా వాటి పక్కనే దించేశాం. ఇప్పుడే మనిషిని పంపి విడిగా పెట్టిస్తున్నాను.

వేమగిరి:
రోడ్ల పక్కన పచ్చగా పెంచే కోనోకార్పస్ చెట్టు సంగతి మర్చిపోయారా? మేళాలో ప్రతి స్టాల్లో అదే. చూసొచ్చి ఊరంతా అదే వేశాం. 2023లో గుజరాత్ ప్రభుత్వం నిషేధించింది, ఇక్కడా వద్దన్నారు. మా మడిలో అవి తలెత్తుకు పెరిగి, నరికించడానికి మళ్లీ కూలీ ఇచ్చాను.

దుళ్ల పెద్దాయన:
అది మేళా మీద రుద్దకండి. కోనోకార్పస్ అడిగింది లేఅవుట్లవాళ్లు, రోడ్ల కాంట్రాక్టర్లు. మేళా లేకపోయినా వేసేవాళ్లమే. తెల్లదోమ మాట మాత్రం కాదనలేను. అసలు మన మేళాల్లో తిరకాసు ఏంటంటే, కుండీలో గులాబీ కొనే సంసారీ, యాభై వేల మొక్కలు బేరమాడే పార్టీ ఒకే వరసలో తోసుకుంటారు. జర్మనీలో ఎసెన్ ఊళ్లో ఏటా జనవరిలో జరిగే ఐపీఎం అనే మొక్కల ప్రదర్శనకి వ్యాపారస్తులకే ప్రవేశం. నమూనా చూసి ఆర్డరు రాసుకుంటారు, అంతే. మనకీ ఒక రోజు అలా విడిగా ఇస్తే లారీ లోడు పట్టుకెళ్లే పనే ఉండదు.

వేమగిరి:
పార్టీలు మన హైవే మీదకే వస్తున్నాయిగా పెద్దాయనా?

దుళ్ల పెద్దాయన:
వస్తారు. పది నర్సరీల్లో రేటు అడిగి, పదకొండో చోట ఇంకో రూపాయి తగ్గించి కొంటారు. మేళాలో అయితే నా మొక్క చూసి నా దగ్గరికొచ్చిన పూణే పార్టీ ఈనాటికీ లోడు ఎత్తుతోంది.

పొట్టిలంక కుర్రాడు:
సరేనండి, వచ్చేసారి లారీ లేదు. నాలుగు నమూనా మొక్కలు, కార్డులు, బస్సు టిక్కెట్టు. నాన్న దీనికీ మొహం చిట్లించారు గానీ వద్దనలేదు. మిద్దెతోట మేడమ్ గారూ, మీరు ఈసారి స్టాలు చూసి రాయకండి. మే నెలలో మా మడికి రండి, షేడ్‌నెట్ బయట నెలరోజులు నిలబడ్డ వరస ఏదో చూపిస్తాను. పాత చెప్పులేసుకు రండి, బోదె దాటాలి.