యూ12టీ, ఐఈ 900 ఇయర్‌ఫోన్లు పక్కపక్కన పెట్టి వింటున్నా, తేడా తెలుస్తోంది కానీ మాటల్లో చెప్పలేకపోతున్నా

మంద్రం_88:
అందరికీ నమస్తే. 64 ఆడియో యూ12టీ ఐఈఎమ్ (చెవి లోపలికి దిగే ఇయర్‌ఫోన్) నాది. సెన్‌హైజర్ ఐఈ 900 మా ఫ్రెండ్‌ది, కొన్నాళ్లు ఉంచుకుని విను, ఏమనిపించిందో చెప్పు అని ఇచ్చాడు. ఒకదాంట్లో ఒక్కో చెవికి 12 బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు (చిన్న రేకు కదిలి శబ్దం చేసే బుల్లి డ్రైవర్లు), రెండోదాంట్లో మామూలు స్పీకర్ లాంటి 7 ఎంఎం డైనమిక్ డ్రైవర్ ఒక్కటే. తేడా ఉందని పాట మొదలవగానే తెలిసిపోతోంది, కానీ ఏంటి తేడా అని వాడు అడిగితే నోట్లోంచి మాట రావట్లేదు. రివ్యూల్లో టింబర్, రిజల్యూషన్, స్టేజ్, టెక్స్‌చర్, ఎయిర్ అని రాస్తారు, చదివేటప్పుడు అర్థమైనట్టే ఉంటుంది, పెట్టుకుని వింటే ఏ మాట దేనికి వాడాలో తెలీదు.

నా మాటల్లో చెప్పాలంటే, ఐఈ 900లో మృదంగం ఎడమ పక్క దెబ్బ పడితే ఆ గుమ్మనే నాదం కాసేపు నిలబడుతుంది, ఒంటికి తగిలినట్టుంటుంది. యూ12టీలో అదే దెబ్బ పడి టక్కున ఆగిపోతుంది, కానీ దాని వెనక వయొలిన్ ఏం వాయిస్తోందో ఒక్క గమకం కూడా పోకుండా వినిపిస్తుంది. ఐఈ 900లో ఆ వయొలిన్ పైస్థాయికి వెళ్తే ఒక్కోసారి గుచ్చుకుంటోంది. ఐతే టిప్స్ (చెవిలో కూర్చునే కొస తొడుగులు) మారిస్తే ఆ గుచ్చుకోవడం తగ్గింది! మరి నేను వింటున్నది ఐఈఎమ్‌నా, టిప్స్‌నా? ఏది కొనాలి అని అడగట్లేదు, ఎలా పోల్చాలి, విన్నదాన్ని ఎలా చెప్పాలి అన్నదే నా ప్రశ్న.

తీగ_శ్రుతి:
మృదంగం గురించి మీరు రాసిన ముక్క చాలా రివ్యూల కంటే నయం అండి. ఏ వాయిద్యం, ఏ దెబ్బ, ఏమైంది అని చెప్పారు, ఇంకొకరు అదే పాట పెట్టుకుని అవునో కాదో సరిచూసుకోవచ్చు. టెక్స్‌చర్ బాగుంది అని ఊరుకుంటే ఎవరూ సరిచూసుకోలేరు.

టిప్స్ సంగతికొస్తే, మీరు వింటున్నది రెండూ కలిపే, విడదీయలేం. నాజిల్ (టిప్ తొడిగే గొట్టం) కొసకీ కర్ణభేరికీ మధ్య కాస్త గాలి మిగులుతుంది కదా, ఆ జాగా పొడవుని బట్టి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర మోత లేస్తుంది, మామూలుగా 7 నుంచి 10 కిలోహెర్ట్జ్ మధ్య ఎక్కడో ఒక చోట. ఐఈఎమ్ లోపలికి దిగేకొద్దీ జాగా తగ్గి ఆ పీక్ పైకి జరుగుతుంది. టిప్ మారితే దిగే లోతు మారుతుంది, పీక్ కూడా మారుతుంది. మీకు గుచ్చుకున్నది ఇదే అయ్యుండొచ్చు. చూసుకోవడం తేలికే, టోన్ జనరేటర్ యాప్‌లో వాల్యూమ్ బాగా తగ్గించి 5 వేల హెర్ట్జ్ నుంచి 12 వేల దాకా మెల్లగా పోనివ్వండి, ఒక చోట శబ్దం ఉన్నట్టుండి పెద్దదవుతుంది, ఆ నంబర్ రాసుకోండి. టిప్ మార్చి మళ్లీ చూడండి. ఫోమ్ టిప్స్ ఐతే పై శబ్దాన్ని కాస్త మింగేస్తాయి కూడా.

సీల్ కూడా చూస్కోండి, అంటే టిప్ చెవిని గాలి పోకుండా మూసిందా అని, గాలి కారితే ముందు పోయేది సబ్‌బాసే (అన్నిటికన్నా కింది బాస్). సీల్ లేకుండా విని బాస్ తక్కువ అని రాసే రివ్యూలు కొల్లలు.

ఓమ్_సూత్రం:
అంతకన్నా ముందు వాల్యూమ్ బ్రో. ఒకే డాంగిల్‌కి (ఫోన్‌కి తగిలించే బుల్లి యాంప్) ఒకే వాల్యూమ్ నంబర్ దగ్గర రెండూ పెట్టి వింటే అది పోలికే కాదు. రెండిటి సెన్సిటివిటీ (అదే వాల్యూమ్‌కి ఎంత గట్టిగా మోగుతుందన్నది) వేరు, గట్టిగా మోగేదే మనకి క్లియర్‌గా, విశాలంగా, బాస్ ఎక్కువున్నట్టు అనిపిస్తుంది. ఒక్క డెసిబెల్ తేడా ఉంటే వాల్యూమ్ పెరిగిందని అనుకోం, సౌండ్ బాగుందనుకుంటాం. శబ్దం తగ్గేకొద్దీ చెవికి బాస్ ఇంకా ఎక్కువ తగ్గినట్టుంటుందని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే చూపించారు. కప్లర్ (చెవి బదులు వాడే కొలత పరికరం) ఉంటే కొలిచి సమానం చేయండి, లేకపోతే 1 కిలోహెర్ట్జ్ టోన్ పెట్టి చెవితోనే వీలైనంత దగ్గరికి తెచ్చుకోండి, అసలు చేయకపోవడం కంటే అది వంద రెట్లు మేలు.

రెండోది సోర్స్ (ఐఈఎమ్‌ని తగిలించే డాంగిల్, ప్లేయర్ లాంటిది) అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే దాని లోపలి విద్యుత్ నిరోధం. మల్టీ ఆర్మేచర్ ఐఈఎమ్‌ల ఇంపీడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి ఊగుతుంది. ఒక చోట 5 ఓమ్స్, ఇంకో చోట 40 ఓమ్స్ ఉందనుకోండి, సోర్స్‌ది 10 ఓమ్స్ ఐతే ఆ రెండు చోట్ల మధ్య దాదాపు ఏడున్నర డెసిబెల్స్ తేడా కొత్తగా వచ్చి చేరుతుంది, సోర్స్‌ది 1 ఓమ్ ఐతే అది 1.4 దగ్గరే ఆగుతుంది. ఏడున్నర అంటే అది వేరే ఐఈఎమ్ కిందే లెక్క! మీ యూ12టీకి ఈ బాధ తక్కువ, ఇంపీడెన్స్‌ని సమంగా ఉంచడానికి ఎల్ఐడీ (లీనియర్ ఇంపీడెన్స్ డిజైన్) అని సర్క్యూట్ పెట్టారు. ఐఈ 900లో ఉన్నది ఒక్క డైనమిక్ డ్రైవరే కాబట్టి అదీ పెద్దగా ఊగదు. కాబట్టి మీ జంటకి సోర్స్ కంటే వాల్యూమే ముఖ్యం, ఐనా వేరే ఐఈఎమ్ చేతికొచ్చినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇంతకీ యూ12టీలో ఏ ఏపెక్స్ మాడ్యూల్ (లోపలి గాలిని కాస్త బయటికి వదిలే, మార్చుకోగల బుల్లి ముక్క) పెట్టారు? ఎం15నా, ఎం20నా?

ఆలాపన_రాత్రి:
రిజల్యూషన్ (సన్నని వివరాలు విడివిడిగా వినిపించడం) గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెప్తా, కొందరికి నచ్చకపోవచ్చు. ఐఈఎమ్‌లు చాలావరకు మినిమమ్ ఫేజ్ (టైమింగ్ కూడా ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ నుంచే తేలే రకం) కాబట్టి ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్, అంటే ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా వస్తుందో చూపే గ్రాఫ్, తెలిస్తే అంతా తెలిసినట్టే, రిజల్యూషన్, స్పీడ్ అన్నీ అందులోంచే వస్తాయి అని ఒక వాదన. ఆ వాదనతో నాకు పేచీ లేదు, కానీ వాళ్లు చూపించే గ్రాఫ్ నా కర్ణభేరి దగ్గర తీసింది కాదు కదా. 711 రకం కప్లర్‌లో తీసిన గ్రాఫ్‌ని 8 కిలోహెర్ట్జ్ దాటాక నా చెవికి నేరుగా వర్తింపజేయలేం, దాని తర్వాత వచ్చిన 5128 అనే కొలత పరికరం మనిషి చెవికి ఇంకా దగ్గరగా ఉంటుంది, ఐనా అది నా చెవి కాదు. తంబురా తీగ మీటాక ఆ జీవాళి సన్నగా సాగుతుందే, దాన్ని ఒక ఐఈఎమ్ చివరిదాకా వినిపిస్తుంది, ఇంకోటి మధ్యలోనే వదిలేస్తుంది. ఆ పైపొరలు చాలావరకు గ్రాఫ్ నమ్మకం సడలే చోటే ఉంటాయి. కాబట్టి గ్రాఫ్‌లో లేదు కాబట్టి నీకు వినపడింది అబద్ధం అని ఎవరన్నా అంటే తలొంచకండి, అలాగని గ్రాఫ్‌ని పారేయకండి, 100 నుంచి 5 వేల హెర్ట్జ్ మధ్య అది చెప్పేది చాలావరకు నిజం.

మాటల సంగతికొస్తే నేను చేసేదిది. గొంతు అరిచినట్టు ఉంటే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ వైపు చూస్తా. మగ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉబ్బితే 200 నుంచి 400 హెర్ట్జ్. స, ష, చ అక్షరాలు గీసుకుంటే 5 నుంచి 8 కిలోహెర్ట్జ్. ఈక్వలైజర్‌లో ఆ చోట 3 డెసిబెల్స్ తగ్గించి చూస్తా, ఇబ్బంది పోయిందా, నేను వాడిన మాట సరైనదే. పోలేదా, వేరే మాట వెతుక్కుంటా. టింబర్ (వాయిద్యానికి సొంతమైన నాద గుణం) అనే మాట మాత్రం నేను అసలు వాయిద్యాన్ని దగ్గర్నుంచి విని ఉంటేనే వాడతా. ఎలక్ట్రానిక్ సింథ్‌కి టింబర్ సహజంగా ఉంది అంటే ఏంటి అర్థం, దేంతో పోల్చి?

మంద్రం_88:
చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. మీరు చెప్పిన టోన్ స్వీప్ చేశా. ఐఈ 900కి పాత టిప్‌తో 7,400 హెర్ట్జ్ దగ్గర లేస్తోంది, కొత్త టిప్ ఇంకాస్త లోపలికి దిగుతుంది, దాంతో 8,600 దాకా జరిగింది. వయొలిన్ గుచ్చుకోవడం తగ్గింది ఇందుకే అన్నమాట. ఏపెక్స్ మాడ్యూల్ ఎం15 ఉంది. వాల్యూమ్ టోన్‌తో సమానం చేశాక యూ12టీ ముందుకన్నా విశాలంగా అనిపిస్తోంది, అంటే ఇన్నాళ్లూ దాన్ని తక్కువ శబ్దంతో వింటున్నట్టున్నా. మృదంగం తేడా మాత్రం అలాగే ఉంది, కాకపోతే కాస్త తగ్గింది.

ఓమ్_సూత్రం:
ఎం20 పెట్టి చూడండి. ఎం15 బయటి శబ్దాన్ని 15 డెసిబెల్స్, ఎం20 ఐతే 20 డెసిబెల్స్ ఆపేలా చేసినవి, ఎం20లో గాలి తక్కువ వదులుతుంది కాబట్టి బాస్ నిండుగా ఉంటుంది. ఆ మృదంగం తేడాలో ఎంత ఆర్మేచర్‌ది, ఎంత మాడ్యూల్‌ది అన్నది అప్పుడు తేలుతుంది. మార్చాక వాల్యూమ్ మళ్లీ సమానం చేయడం మర్చిపోవద్దు.

ఆలాపన_రాత్రి:
ఒక్కటి కలుపుతా. వెంటవెంటనే మార్చి వినడం ట్యూనింగ్ (బాస్, పై శబ్దాల పాళ్లు) తేడాలకే పనికొస్తుంది, పైగా తీసి పెట్టుకున్న ప్రతిసారీ లోతు కాస్త మారుతుంది కాబట్టి ఒక్కసారి విని తేల్చేయకండి. నాదం నిలబడటం, అలసట లాంటివి ఒక్కదాన్నే వరసగా కొన్ని రోజులు వాడి రెండోదానికి మారినప్పుడు బయటపడతాయి, మొదటి పాటలో మీకు ఏది లేదనిపించిందో అది అప్పటికప్పుడు రాసేయండి, చెవి కొత్తదానికి అలవాటు పడితే ఇక దొరకదు. ఎం20తో మృదంగం ఎలా ఉందో ఇక్కడే రాయండి, ఆ పాట ఏదో కూడా చెప్తే మేమూ పెట్టుకుని వింటాం.