ఎస్ఏసీడీలోని హైరెజ్ డిజిటల్‌గా తీసుకోవాలా, అనలాగ్ సరిపోతుందా?

పాత డిస్కులు:
సెకండ్ హ్యాండ్‌లో ఎస్ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ, మామూలు సీడీ కన్నా ఎక్కువ వివరం, అంటే హైరెజ్, ఉండే డిస్కు) ప్లేయర్ కొని, కోఆక్సియల్ డిజిటల్ కేబుల్‌తో బయటి డాక్‌కి (డిజిటల్ సిగ్నల్‌ని అనలాగ్‌గా మార్చే పెట్టె) కలిపాను. సీడీ, ఎస్ఏసీడీ లేయర్లు రెండూ ఉన్న హైబ్రిడ్ డిస్కులో సీడీ లేయర్ పెడితే డాక్ మీద 44.1 (సీడీ కిలోహెర్ట్జ్) అని వెలుగుతోంది, పాట వస్తోంది. ఎస్ఏసీడీ లేయర్‌కి మార్చగానే సిగ్నల్ పోతోంది. డిస్కుకి డబ్బులు పెట్టింది నేను, తాళం మాత్రం వాళ్లదా? హెచ్‌డీఎంఐ ఉన్న ప్లేయర్‌కి మారమంటారా?

సోల్డరింగ్ బాబాయ్:
నీ ప్లేయర్‌కి ఏ రోగమూ లేదు తమ్ముడూ. 1999లో సోనీ, ఫిలిప్స్ ఈ ఫార్మాట్ తెచ్చినప్పుడే కాపీ కొడతారన్న భయంతో కోఆక్సియల్, ఆప్టికల్ దారులు రెండూ మూసేశారు. డీవీడీ ఆడియో అనే ఇంకో హైరెజ్ డిస్కుదీ దాదాపు అదే కథ. డిస్కులో 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఉన్నా, ఆ సాకెట్‌లోంచి మామూలుగా 48కి కుదించిందే వచ్చేది. తీగకి మోసే బలం లేక కాదు సుమా. స్టీరియో డీఎస్‌డీకి (ఎస్ఏసీడీలో ధ్వనిని రాసే పద్ధతి) సెకనుకు 5.6 మెగాబిట్లు చాలు. 24/192 పీసీఎం (సీడీ, డీవీడీ ఆడియోల పద్ధతి) అయితే 9.2. దాన్నే ఈ రోజు చాలా డాక్‌లు అదే కోఆక్సియల్ మీద హాయిగా తీసుకుంటున్నాయి.

2005లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.2తో డీఎస్‌డీకి దారి దొరికింది, అదీ అవతలి పెట్టె హెచ్‌డీసీపీకి (హెచ్‌డీఎంఐలోని కాపీ తాళం) తల ఊపితేనే. అంటే రిసీవర్ కావాలి. మామూలు స్టీరియో డాక్‌లలో చాలావాటికి ఆ సాకెట్టే ఉండదు.

చెవే సాక్షి:
ఎందుకండీ ఈ తంటా? ప్లేయర్ వెనక ఎర్ర, తెల్ల ఆర్‌సీఏ సాకెట్లు ఉన్నాయిగా, వాటిలోంచి ఎస్ఏసీడీ లేయర్ నిక్షేపంలా వస్తుంది. 2007లో మేయర్, మోరాన్ చేసిన పరీక్ష చూడండి. ఎస్ఏసీడీ, డీవీడీ ఆడియో ప్లేయర్ల అవుట్‌పుట్‌ని ఒకసారి నేరుగా, ఒకసారి సీడీ స్థాయి 16/44.1 గుండా పంపి, తేడా చెప్పమని వినిపించారు. 554 సార్లలో సరిగ్గా చెప్పింది 276 సార్లు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

సరౌండ్ పిచ్చి:
ఆ ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఎలా? 2016లో జాషువా రైస్ 18 అధ్యయనాలను కలిపి లెక్కేస్తే సరైన జవాబులు 52.3 శాతం వచ్చాయి. తేడా చిన్నదే, కానీ ఉంది. ముందుగా శిక్షణ ఇచ్చిన శ్రోతల్లో ఇంకాస్త పెరిగింది.

చెవే సాక్షి:
ఆ రెండు శాతం కోసం ప్లేయర్, రిసీవర్ రెండూ మార్చాలా బ్రో?

సరౌండ్ పిచ్చి:
ఆ రెండు శాతం కోసం నేనైతే మార్చను. నా గోల మల్టీచానెల్ గురించి. 5.1 మిక్స్‌ని (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) అనలాగ్‌లో తేవాలంటే ఆరు కేబుళ్లు లాగాలి. పైగా చాలా రిసీవర్లు ఆ ఆరు సాకెట్ల మీద బాస్ మేనేజ్‌మెంట్ చేయవు, స్పీకర్ దూరాల లెక్కా పట్టించుకోవు. వెనక చిన్న స్పీకర్లుంటే వాటికి రావాల్సిన బాస్ సబ్‌వూఫర్‌కి వెళ్లక గాల్లో కలిసిపోతుంది. హెచ్‌డీఎంఐ ఒక్క తీగతో ఇదంతా సర్దుకుంటుంది. ఈ తేడా వినడానికి బ్లైండ్ టెస్టులు అక్కర్లేదు, మా ఆవిడ కూడా చెప్పేస్తుంది.

సోల్డరింగ్ బాబాయ్:
ఇది ఒప్పుకుంటాను. కాకపోతే రిసీవర్ మీద డీఎస్‌డీ అని వెలిగిందని మురిసిపోవద్దు. బాస్ సర్దాలంటే చాలా రిసీవర్లు లోపల దాన్ని పీసీఎం చేసుకోవాల్సిందే. ఒప్పో లాంటి ప్లేయర్లలో ఎస్ఏసీడీ అవుట్‌పుట్‌ని పీసీఎం అని పెట్టి చూడండి, చాలామందికి అదే చాలు. తమ్ముడూ, ఇంతకీ నీకెన్ని స్పీకర్లు?

పాత డిస్కులు:
రెండే బాబాయ్. సబ్ కూడా లేదు.

సోల్డరింగ్ బాబాయ్:
అయితే ఆర్‌సీఏ పెట్టుకుని విను. మిగిలిన డబ్బులతో ఇంకో నాలుగు డిస్కులు కొనుక్కో.

పాత డిస్కులు:
వింటాను, సరే. కానీ 5.6 మెగాబిట్లు తీగ మీద పడతాయని తెలిసీ మూసేశారంటే ఒళ్లు మండుతోంది.