అప్‌డేట్: ఇంటి గ్యారేజీకి ఎయిర్ కంప్రెసర్ కొనేశాను

కారు టైర్లకు గాలి, బైక్ క్లీనింగ్, ఎప్పుడైనా గేటుకు స్ప్రే పెయింట్... వీటికి 24 లీటర్ల ట్యాంకున్న ఆయిల్‌ ఫ్రీ (ఆయిల్ పోయక్కర్లేని) కంప్రెసర్ సరిపోతుందా, 50 లీటర్ల బెల్టుది (మోటారు బెల్టుతో పంపును తిప్పేది) కావాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. రాణిగంజ్ అంతా తిరిగి 50 లీటర్ల 2 హెచ్‌పీది తెచ్చాను.

ట్యాంకు సైజు కాదు, సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి ఇస్తుందన్న లెక్క) చూడమని మీరిచ్చిన సలహా బాగా పనికొచ్చింది. షాపాయన చెప్పింది పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్ లెక్క, అంటే పిస్టన్ లోపలికి లాక్కునే గాలి కొలత. నిజంగా బయటికొచ్చే గాలి ఎంతని గుచ్చి అడిగితే అంకె బాగా తగ్గింది! స్ప్రే గన్‌కు ఎంత కావాలో చూసుకుని, దానికన్నా కాస్త ఎక్కువిచ్చేది తీసుకున్నాను.

మొదటిరోజే టెన్షన్. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెడితే మోటారు మూలుగుతుందే కానీ తిరగదు. తీసి నేరుగా 16 ఆంప్స్ సాకెట్‌కు పెట్టగానే అందుకుంది. వోల్టేజీ పడిపోవడమే కారణమన్నమాట.

ఈ వానలకు గాలిలో తేమ ఎక్కువై, ట్యాంకు కింద వాల్వు విప్పితే అర గ్లాసు తుప్పు రంగు నీళ్లొచ్చాయి. ఇప్పుడు వాడిన ప్రతిసారీ ప్రెషర్ తగ్గించి నీళ్లు వదిలేస్తున్నాను. చప్పుడు మాత్రం ఎక్కువే. పక్కింటి ఆంటీ నిద్రపోయే మధ్యాహ్నం వేళ దాని జోలికి పోవట్లేదు.