చమురు తగ్గడమంటే ఎలా ఉంటుంది? దగ్గరగా చూసినవారు చెప్పండి

గౌతమి పాయ:
మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. ‘అయిపోతోంది, అయిపోతోంది’ అని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఈ రంగంలో పనిచేసినవారు ఎవరైనా ఉన్నారా?

పాత రిగ్గు:
ముంబైకి దూరంగా సముద్రంలో ఉన్న చమురు క్షేత్రం ముంబై హైలో చాలా ఏళ్ళు పనిచేశానండీ. బావి ఒక్కసారిగా ఎండదు. చమురుతో పాటు నీరు రావడం మొదలవుతుంది. నమూనా సీసాను కాసేపు కదపకుండా ఉంచితే అడుగున నీరు, పైన నల్లటి చమురు తేరుకుంటాయి. ఏటికేడు ఆ రెండింటి మధ్య గీత పైకి జరుగుతూ ఉండేది. పీడనం తగ్గకుండా సముద్రపు నీటిని లోపలికి ఎక్కిస్తాం, గ్యాసు పంపి చమురును పైకి లేపుతాం. కొన్ని బావుల్లో చివరికి వచ్చేది చాలావరకు నీరే. దాన్ని వేరుచేసి, శుద్ధి చేసి వదలాలి, అదో పెద్ద తంతు. 1974లో బయటపడిన ఆ క్షేత్రం 1989లో రోజుకు 4 లక్షల బ్యారెళ్ళు దాటింది, తరువాత దిగుముఖం పట్టింది. ఇప్పటికీ తీస్తూనే ఉన్నారు, ఖర్చే పెరిగింది.

లెక్కల మాస్టారు:
అమెరికా ఉత్పత్తి 1970 ప్రాంతంలో శిఖరానికి చేరి తగ్గుతుందని అక్కడి భూగర్భ శాస్త్రవేత్త హబ్బర్ట్ 1956లోనే చెప్పాడు, అలాగే జరిగింది. తీరా షేల్ చమురు (గట్టి రాతి పొరలను పగలగొట్టి తీసేది) వచ్చి 2018లో ఆ పాత రికార్డు దాటేసింది. అందుకే ఈ జోస్యాలంటే నాకు గురి కుదరదు.

పాత రిగ్గు:
మాస్టారూ, షేల్ బావి దిగుబడి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. కొత్తవి తవ్వుతూ ఉంటేనే లెక్క నిలబడుతుంది. మెక్సికోలో కాంతరెల్ చమురు క్షేత్రం చూడండి, 2004లో రోజుకు 20 లక్షల బ్యారెళ్ళకు పైనే ఇచ్చింది, 2010 నాటికి మూడో వంతు కూడా లేదు.

వేమగిరి దారి:
చమురు కాదు గానీ గ్యాసు సంగతి మేం కళ్ళారా చూశాం. మన కృష్ణా-గోదావరి తీరం దగ్గర సముద్రంలో ఉన్న కేజీ డీ6లో గ్యాసు ఉత్పత్తి 2009లో మొదలైంది, మరుసటి ఏడాది రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లు వచ్చింది. అక్కడి నుంచి జారడమే. మొదట తెరిచిన డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. ఆ గ్యాసును నమ్ముకుని గోదావరి జిల్లాల్లో కట్టిన విద్యుత్ కేంద్రాల్లో ఒకదానిలో నేను కాంట్రాక్టు పని చేశాను. కరెంటు ఉత్పత్తి లేకపోయినా టర్బైన్‌లో తిరిగే ఇరుసు, అదే రోటరు, వంగకుండా అప్పుడప్పుడు నెమ్మదిగా తిప్పేవాళ్ళం. జీతాలు మాత్రం తిరగలేదు.

కాకినాడ బోటు:
మాకు వేటకు వెళితే ఖర్చులో సగానికి పైగా డీజిలే. చేప దూరం జరిగేకొద్దీ ఇంకా తాగుతుంది. పాత రిగ్గు గారూ, బావుల సంగతి సరే, రోజుల తరబడి సముద్రంలో ఉండే బోటుకు డీజిలు బదులు ఏం వేసి నడపాలి? ఎక్కడైనా నడుస్తుంటే చెప్పండి, వెళ్ళి చూసి వస్తాను.