'నైస్' అంటే మొదట్లో తెలివితక్కువ అని అర్థమట. మరి పొగడ్తగా వాడొచ్చా?

పదాలపిచ్చి:
నిన్న ఒకాయన వ్యాసం దిద్దుతూ 'నైస్' అన్న మాట కనిపించిన ఏడు చోట్లా కొట్టేశాను. ఆయనకి కోపమొచ్చింది. నేననేది ఇదీ: ఆ మాటకి మూలం లాటిన్ 'నెస్కియుస్'. 'నె' అంటే కాదు, 'స్కిరె' అంటే తెలియడం. వెరసి, ఏమీ తెలియనివాడు. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లిష్‌లోకి దిగినప్పుడూ తెలివితక్కువ అనే అర్థమే. దాంతో మెచ్చుకోవడమేంటి?

నడిరాత్రి చదువరి:
'సైన్స్' కూడా ఆ 'స్కిరె' కడుపునే పుట్టింది, తమాషాగా. సరే, మీ లెక్కన 'సిల్లీ' పొగడ్త అవ్వాలి. పాత ఇంగ్లిష్‌లో దాని మూలరూపానికి ధన్యుడు అని అర్థం. తర్వాత అమాయకుడయ్యాడు, జాలిపడాల్సినవాడయ్యాడు, చివరికి బుర్ర తక్కువవాడయ్యాడు. మీ బాస్‌ని ఓసారి సిల్లీ అని చూడండి, మురిసిపోతారేమో.

పదాలపిచ్చి:
పోనీ, 'సూక్ష్మమైన, కచ్చితమైన' అన్న అర్థం దగ్గరైనా ఆగొచ్చుగా? 'నైస్ డిస్టింక్షన్' అంటే ఇప్పటికీ సన్నని తేడా అనే, బాగున్న తేడా అని కాదు. 'బాగుంది' అనే వాడుక పద్దెనిమిదో శతాబ్దంలో వచ్చి ఆ పదును కాస్తా పోగొట్టింది.

పాతపుస్తకం:
జేన్ ఆస్టెన్ నవల 'నార్తాంగర్ అబీ' 1817 చివర్లో అచ్చయింది. అందులో కేథరిన్ ఒక పుస్తకాన్ని నైస్ అంటుంది. హెన్రీ టిల్నీ ఊరుకోడు, ఏడిపిస్తాడు. మొదట్లో ఈ మాటని పొందిక, నాజూకుతనం లాంటివాటికే వాడేవారేమో అంటాడు. పాపం, ఆయన 'మొదట్లో' అన్నది కూడా నడిమధ్యదే! మూలార్థం అనేవాళ్లంతా తమకి నచ్చిన మెట్టు మీద కూర్చుని అదే మొదటి మెట్టంటారు.

మన 'కంపు' మాటో? పాత కావ్యాల్లో పరిమళం. కన్నడంలో ఇప్పటికీ అంతే. ఈసారి ఎవరైనా సెంటు పూసుకొస్తే 'మంచి కంపు కొడుతున్నారండీ' అనండి.

పదాలపిచ్చి:
కంపు దెబ్బ గట్టిగానే తగిలింది. మూలార్థం వాదన వదిలేస్తున్నా. కొట్టివేతలు మాత్రం వెనక్కి తీసుకోను. 'నైస్ వాన' అని రాస్తే చదివేవాడికి ఏం తెలిసింది? సన్నగా పడిందా? ఉక్కపోత తగ్గించిందా?

నడిరాత్రి చదువరి:
రాతలో అయితే మీ పక్షమే. మాటల్లో మాత్రం కుదరదు. అయినా మూలార్థం ఎక్కడికీ పోలేదండీ. చేతిలో కప్పు జారవిడిచి పగలగొట్టినవాణ్ణి చూసి 'నైఽఽస్' అని సాగదీయండి, 1300 నాటి అర్థమే వినిపిస్తుంది.