పాత అసెంబుల్డ్ పీసీలో విండోస్ 11: చెక్ దాటించి వేయడం తప్పా?

స్వయంపాకం:
2017లో పార్టులు విడివిడిగా కొని నేనే బిగించుకున్న పీసీ ఇది. ఐ7-7700 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060, 250 జీబీ ఎస్‌ఎస్‌డీ, తోడుగా 1 టీబీ హార్డ్ డిస్క్. ఇప్పటికీ ఏ పని చెప్పినా చకచకా చేస్తుంది. కానీ విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు పేరు నమోదు చేసుకున్నాను, అవీ 2026 అక్టోబరు 13 దాకానే. విండోస్ 11 వేద్దామంటే ప్రాసెసర్ పనికిరాదంటోంది. ఇంటెల్‌లో 8వ తరం నుంచే అట, నాది 7వ తరం! రూఫస్ అనే టూల్‌తో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారు చేస్తే ఆ చెక్ ఎగిరిపోతుందని చాలామంది అంటున్నారు. వేసేయమంటారా? ఇంటి లెక్కల ఎక్సెల్ ఫైళ్ళు, నెట్ బ్యాంకింగ్, మా వాడి ఆటలు, అన్నీ ఇందులోనే.

నీలితెర:
కళ్ళు మూసుకుని వేసేయండి. నాది ఇంకా పాతది, 6వ తరం. రెండేళ్ళుగా విండోస్ 11 మీదే నడుస్తోంది. అప్‌డేట్లు వాటంతటవే వస్తున్నాయి, ఒక్క బ్లూ స్క్రీన్ కూడా రాలేదు (నా పేరు చూసి భయపడకండి). ఏ ప్రాసెసర్లు పనికొస్తాయో చెప్పే మైక్రోసాఫ్ట్ లిస్టు ఉందే, అది కొత్త పీసీలు కొనిపించడానికే.

తాళంచెవి:
ఆ "కళ్ళు మూసుకుని" దగ్గరే నా అభ్యంతరం. లిస్టులో లేని పీసీలో వేస్తుంటే అప్‌డేట్లు పొందే హక్కు ఉండదని మైక్రోసాఫ్ట్ ముందే చెబుతోంది. ఇవాళ వస్తున్నాయి, కాదనను. రేపు ఆగిపోతే ఎవర్ని అడుగుతారు? విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ వచ్చినప్పుడు ఏమైందో గుర్తుందా? పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ లేని కోర్ 2 కాలం ప్రాసెసర్ల మీద విండోస్ బూట్ అవడమే మానేసింది. అప్పటిదాకా వాటిమీద కూడా చెక్ దాటించి హాయిగా వాడుకున్నవాళ్ళున్నారు. ఐ7-7700కి ఆ గండం లేదు లెండి. పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో చెబుతున్నానంతే. బ్యాంకు పనులు చేసే పీసీ మీద నేనైతే ఆ పని చెయ్యను.

నీలితెర:
తాళంచెవి గారూ, భద్రత కోసమే ఆ లిస్టు అయితే లెక్క కుదరాలి కదా. విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఉంది. అది పీసీని నెమ్మదించకుండా పనిచేయాలంటే ప్రాసెసర్‌లోనే దానికి తగిన సదుపాయం ఉండాలి. ఇంటెల్‌లో దాని పేరు ఎంబెక్, 7వ తరం నుంచి ఉంది. ఏఎండీలో అలాంటిదే జెన్ 2 నుంచి వచ్చింది. మరి లిస్టు చూడండి. ఆ సదుపాయం లేని రైజెన్ 5 2600కి చోటుంది, ఉన్న ఐ7-7700కి లేదు. ఇంకో తమాషా ఏమిటంటే, 7వ తరంలోనే 7820హెచ్‌క్యూ అనే చిప్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అది మైక్రోసాఫ్ట్ సొంత సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్న చిప్! ఇంతకంటే ఏం చెప్పాలి?

పెంగ్విన్ పక్షం:
మీరిద్దరూ విండోస్ లోపలే కొట్టుకుంటున్నారు. విండోస్ బదులు లినక్స్ మింట్ 22 అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే ఈ లిస్టుల గొడవే ఉండదు, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. పైగా ముందే వేయక్కర్లేదు. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా బూట్ చేసి వైఫై, సౌండ్, ప్రింటర్ అన్నీ చూసుకుని, నచ్చితేనే ఇన్‌స్టాల్ నొక్కండి.

ఆట_ఒక్కటే:
వాళ్ళబ్బాయి ఆడేది వాలరెంట్ అయితే లినక్స్ మాట మర్చిపోండి, దాని యాంటీ చీట్ (మోసం చేసేవాళ్ళను పట్టే సాఫ్ట్‌వేర్) లినక్స్‌లో నడవదు. నీలితెర భాయ్ చెప్పిన దారిలోనూ ఒక తిరకాసుంది. విండోస్ 11 మీద ఆ ఆట తెరుచుకోవాలంటే టీపీఎం 2.0 (రహస్య కీలు దాచే భద్రతా సదుపాయం), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే బూట్ అవనిచ్చే రక్షణ) రెండూ ఆన్‌లో ఉండాలి. చెక్ ఎలాగూ తీసేశాం కదా అని లెగసీ మోడ్‌లో (పాత పద్ధతి బూట్‌తో) వేస్తే విండోస్ వస్తుంది, ఆట రాదు.

పాతకాపు:
వాదన మీరు కానివ్వండి. స్వయంపాకం గారు ఏది వేసినా ముందు చేయాల్సినవి రాస్తాను, ఎందుకంటే అసెంబుల్డ్ పీసీలో దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

బయాస్‌లోకి (పీసీ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్ళి ఇంటెల్ పీటీటీ ఆన్ చేయండి. మీ ప్రాసెసర్‌కి టీపీఎం 2.0 అదే, విడిగా చిప్ కొననక్కర్లేదు. ఆ కాలం బోర్డుల్లో ఆఫ్‌లో వదిలేసి ఉంటుంది. తర్వాత సీఎస్‌ఎం (ఆ లెగసీ మోడ్‌కి వీలిచ్చే సెట్టింగ్) ఆఫ్ చేయండి. బాగా పాత గ్రాఫిక్స్ కార్డులకు సీఎస్‌ఎం తీసేస్తే తెర నల్లగా ఉండిపోతుంది కానీ 1060తో ఇబ్బంది రాదు. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించొచ్చు. పేరు ముందు యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి బూట్) అని ఉన్నదాన్నే ఎంచుకోండి. తొందరలో రెండోది నొక్కి, గంట తర్వాత మొదటికొచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అన్నిటికంటే ముఖ్యం: ఇన్‌స్టాల్ మొదలుపెట్టే ముందు ఆ 1 టీబీ హార్డ్ డిస్క్ కేబుల్ పీకేయండి. రెండు డిస్కులు ఉన్నప్పుడు విండోస్‌ని ఎస్‌ఎస్‌డీలో వెయ్యమన్నా, బూట్ చేసే చిన్న పార్టిషన్‌ని ఒక్కోసారి రెండో డిస్కులో పెట్టేస్తుంది. అప్పటికి తెలియదు. ఎప్పుడో ఆ డిస్కు పాడైన రోజున ఎస్‌ఎస్‌డీ నిక్షేపంగా ఉన్నా పీసీ లేవదు. పొరపాటున తప్పు డిస్కు ఫార్మాట్ కొట్టే భయం కూడా పోతుంది.

లైసెన్స్ గురించి కంగారు వద్దు. మదర్‌బోర్డు మారలేదు కాబట్టి విండోస్ 10 యాక్టివేట్ అయి ఉంటే 11 కూడా దానంతటదే అవుతుంది.

తాళంచెవి:
పాతకాపు గారి మాటకు తిరుగులేదు. నీలితెర గారూ, లిస్టు అడ్డదిడ్డంగా ఉందన్నది ఒప్పుకుంటున్నాను. కానీ నా ప్రశ్న లిస్టు గురించి కాదు. ఒకసారి స్టార్ట్‌లో విన్‌వర్ అని కొట్టి, మీ వెర్షన్ ఏదో ఇక్కడ రాస్తారా?

నీలితెర:
23హెచ్2.

తాళంచెవి:
హోమ్, ప్రో ఎడిషన్లకు 23హెచ్2 అప్‌డేట్లు 2025 నవంబరు 11తోనే ఆగిపోయాయి. లిస్టులో లేని పీసీకి నెలవారీ అప్‌డేట్లు వస్తాయి కానీ, తర్వాతి వెర్షన్ దానంతటదే రాదు. మీరే వెళ్ళి వేసుకోవాలి.

నీలితెర:
సరే, దొరికిపోయాను. వస్తున్నాయనే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. అప్‌డేట్ పేజీలో ఎర్ర గుర్తేదీ లేకపోతే అంతా బాగుందనుకున్నాను, అది నా తప్పే. రాత్రి 25హెచ్2తో కొత్తగా రూఫస్ పెన్‌డ్రైవ్ చేసి, విండోస్ లోపలి నుంచే సెటప్ నడిపాను. ఫైళ్ళు, ప్రోగ్రాములు ఎక్కడివక్కడే ఉన్నాయి. అయినా నా సలహా మారదు, వేసుకోవచ్చు. కాకపోతే ఏడాదికోసారి ఈ పని చేసే ఓపిక ఉంటేనే వేసుకోండి. "కళ్ళు మూసుకుని" అన్నది వెనక్కి తీసుకుంటున్నాను.

పెంగ్విన్ పక్షం:
మింట్‌లో అప్‌డేట్ బటన్ ఒకటే నొక్కాలి. ఊరికే గుర్తుచేశాను.

స్వయంపాకం:
అందరికీ ధన్యవాదాలు. శనివారం ముందు మింట్ లైవ్‌లో చూశాను. వైఫై, సౌండ్ అన్నీ పలికాయి, నిజంగా ముచ్చటేసింది. కానీ నా ఎక్సెల్ ఫైళ్ళలో మాక్రోలు (లెక్కలు వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయి, మింట్‌లోని లిబ్రేఆఫీస్‌లో సగం పనిచేయలేదు. మా వాడి ఆట వాలరెంటే. కాబట్టి విండోస్ 11 వేస్తున్నాను. బ్యాంకు పని మాత్రం ఇకనుంచి ఫోన్‌లోనే, ఆ భయం తాళంచెవి గారు పెట్టిందే.

పాతకాపు గారూ, మీకో దండం. కేబుల్ పీకి, పాత విండోస్ ఎలా ఉందో చూద్దామని ఆన్ చేస్తే బూట్ అవ్వలేదు! మళ్ళీ పెడితే అయింది. అంటే 2017లో నేను వేసినప్పుడే బూట్ పార్టిషన్ హార్డ్ డిస్కులోకి పోయిందన్నమాట. ఇన్నేళ్ళూ నాకు తెలీదు.

పాతకాపు:
అందుకే చెప్పింది. ఇప్పుడు కేబుల్ తీసే ఉంచి, సెటప్‌లో ఎస్‌ఎస్‌డీ పార్టిషన్లన్నీ డిలీట్ చేసి, ఖాళీ జాగాలో వెయ్యండి. యూఈఎఫ్ఐకి కావలసిన జీపీటీ అనే డిస్కు పద్ధతికి సెటప్పే మార్చుకుంటుంది.

తాళంచెవి:
డిలీట్ నొక్కే ముందు ఒక్క మాట. ఎక్సెల్ ఫైళ్ళు బ్యాకప్ చేశారు కదా?

స్వయంపాకం:
చేశానండి. హార్డ్ డిస్కులో ఉన్నాయి.

తాళంచెవి:
2017 హార్డ్ డిస్కులోనేనా?

స్వయంపాకం:
...పెన్‌డ్రైవ్ వెతుకుతున్నాను.